చెరువును చెక్కడం

నీళ్లకు గీత ఉండదు. చెట్టుకు కొమ్మ ఉంది, కొండకు అంచు ఉంది, పడవకు ఆకారం ఉంది. చెరువులో కనిపించేదంతా మాత్రం ఎరువు సొత్తే: ఆకాశపు వెలుగు, గట్టు మీది చెట్ల నీడ, గాలి రేపిన ముడతలు. ఇలాంటిదాన్ని పట్టాలంటే కుంచె, నీటిరంగులే దిక్కనిపిస్తుంది. లినోకట్ అంటే లినోలియం పలకను చెక్కి, సిరా పూసి కాగితం మీద తీసే అచ్చు. రంగు ఉంచడమో తీసేయడమో తప్ప నడిమి దారి ఎరగని ఆ పని దీనికి బొత్తిగా చాలదనిపిస్తుంది. నాకు తోచేది వేరు. సరస్సు ఒడ్డు దృశ్యం లినోకట్‌లో బాగా కుదిరిన చోటల్లా, ఆ నడిమి దారి లేకపోవడమే దాన్ని నిలబెట్టింది.

లినోలియం కళ కోసం పుట్టిన వస్తువు కాదు. 1860లలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ గాలి తగిలి గట్టిపడిన అవిసె నూనెలో కార్క్ పొడి, గుగ్గిలం వంటివి కలిపి, గోనెబట్ట మీద పరిచి, ఇళ్లలో నేల మీద వేసుకోవడానికి దీన్ని తయారుచేశాడు. కొన్ని దశాబ్దాల తర్వాత చిత్రకారులు దీన్ని ఉలి కిందికి తెచ్చారు. కొయ్య కంటే ఇది మెత్తన, నిజమే. కానీ అసలు తేడా అది కాదు. కొయ్యకు నార ఉంటుంది. ఉలి దాని వెంట సాఫీగా నడుస్తుంది, అడ్డం పడితే మొరాయిస్తుంది. జపాన్ ముద్రాకారులూ నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ కూడా ఆ నార గీతలను అచ్చులో కనిపించనిచ్చి బొమ్మకు వాడుకున్నారు. కొయ్య మీద నీళ్లు చెక్కేవారికి అవి అడగకుండానే దొరికే అలలు. లినోకు నార లేదు, ఉలి ఎటు తిప్పితే అటు పోతుంది. కాబట్టి ఈ చెరువులో ఒక్క ముడత కూడా దానంతటది రాదు. ప్రతిదీ ఒక మనిషి నిర్ణయించి పెట్టిందే.

ఆ నిర్ణయం ఎంత ముందుగా జరగాలో తెలియాలంటే, ఒకే పలకతో పలు రంగులు అచ్చువేసే రిడక్షన్ పద్ధతిని చూడాలి. బొమ్మను ఎడమకుడిగా తిప్పి పలకకు ఎక్కిస్తారు. చలికి బిగుసుకున్న లినోను కాస్త వెచ్చబెడితే ఉలికి లొంగుతుంది. కోతల మధ్య మిగిలే సన్నని గట్టు అడుగున వెడల్పుగా ఉండాలి. దాని కిందికి తొలిచేస్తే ఒత్తిడికి విరిగిపోతుంది. మొట్టమొదట కోయవలసినవి నీటి మీది తళుకులు, ఎందుకంటే అవి తెల్ల కాగితమే. తర్వాత అన్నిటికంటే లేత రంగు, పొద్దుటి ఆకాశపు పసుపు అనుకుందాం, తీయదలచిన కాగితాలన్నిటి మీదా వేస్తారు. ఆ పసుపు ఎక్కడెక్కడ మిగలాలో అక్కడ పలకను కోసేసి, లేత నీలం వేస్తారు. మళ్లీ కోత, మళ్లీ ఇంకాస్త ముదురు రంగు. నూనె సిరా ఒక్కో పొర ఆరడానికి రోజులు పట్టవచ్చు. ప్రతిసారీ కాగితం సరిగ్గా అదే చోట కూర్చోకపోతే చెట్టు పక్కన తెల్ల సందు తేలుతుంది. చివరికి గట్టు మీది చెట్ల నలుపు వేసేసరికి పలకలో మిగిలేవి ఆ చెట్లూ వాటి నీడలే. మొదటి రంగు ఇరవై కాగితాల మీద వేసి ఉంటే ఇరవై ఒకటో బొమ్మ ఇక ఎన్నటికీ రాదు. నీటి లెక్కలూ ముందే తేలాలి: దూరపు అలలు సన్నగా ఒత్తుగా, దగ్గరివి వెడల్పుగా ఎడంగా ఉండాలి. నల్లని మాను నీడ నీళ్లలో కాస్త తేలికపడుతుంది, తెల్లని గోడ నీడ కాస్త ముదురుతుంది. కుంచె పట్టినవారు వీటిని తడి ఆరేలోగా సర్దుకోవచ్చు. ఉలి పట్టినవారికి ఆ వెసులుబాటు లేదు. కోతలు ఎక్కువైతే చెరువు దున్నిన పొలంలా తయారవుతుంది.

ఇదంతా బడిపిల్లల పని అన్నది పాత ఆక్షేపణ. అందులో కొంత నిజం ఉంది: వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ పిల్లల చేత లినో చెక్కించాడు, ఇప్పటికీ చాలా బడుల్లో చెక్కిస్తున్నారు. అయితే 1930లో దండి సత్యాగ్రహం వేళ నందలాల్ బోస్ కర్ర పట్టి నడిచే గాంధీని నలుపులో తెల్ల గీతలుగా చెక్కింది ఈ పలక మీదే. డెబ్బై దాటిన పికాసో ఫ్రాన్సులోని వాలోరిస్‌లో ముద్రాకారుడు ఇదాల్గో ఆర్నెరా తోడుగా రిడక్షన్ పద్ధతికి పేరు తెచ్చాడు. పిల్లలు మొదలుపెట్టగలిగిన పని కావడం దాని లోపమెలా అవుతుంది?

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి: ఇరవై తీశాక ప్రతి ఒక్కటీ నకలే కదా, దానికంత విలువేమిటి? అరుదుదనమే విలువ అనుకునేవారికి ఇది చిక్కు ప్రశ్నే. లండన్‌లోని గ్రోవ్‌నర్ స్కూల్లో 1926 నుంచి లినోకట్ నేర్పిన క్లాడ్ ఫ్లైట్ అలా అనుకోలేదు. మామూలు మనిషి బీరుకో సినిమా టికెట్టుకో పెట్టే డబ్బుతో ఈ బొమ్మ కొనుక్కోగలగాలని కోరాడు. ఆయన శిష్యులు సిరిల్ పవర్, సిబిల్ ఆండ్రూస్‌ల ప్రింట్లు ఇప్పుడు వేలంపాటల్లో పెద్ద ధరలు పలుకుతున్నాయి. అది సంత చేసిన చమత్కారం. ఇక నకలు మాటకొస్తే, నకలు కావాలంటే ముందు అసలు ఉండాలి. ఇక్కడ పలకను అసలు అనలేం, దాని మీద రంగుల బొమ్మ ఎప్పుడూ లేదు. అచ్చు పడిన కాగితమే అసలు. చిత్తూరు జిల్లాలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ దగ్గర చదివి, పారిస్‌లో ముద్రాకారుడు హేటర్ నడిపిన అటెలియే 17 అనే కార్యశాలలో పనిచేసిన కృష్ణారెడ్డి లోహపు పలక మీద సిరాల చిక్కదనంలోని తేడాలతో ఒకే ఒత్తులో పలు రంగులు రప్పించిన పద్ధతికి ప్రసిద్ధుడు. అది లినోకు పూర్తిగా ఎదురు దారి, అయినా రంగుల బొమ్మ పుట్టే చోటు అక్కడా కాగితమే.

లేజర్ యంత్రం ఇదే చెరువును ఇంతకంటే సన్నగా కోయగలదు, కాదనను. సన్నదనమే కావాలంటే దాన్నే వాడుకోవచ్చు. కానీ కోత వెనక్కి రాదన్న బెదురు యంత్రానికి లేదు. ఫైలు సరిదిద్ది మరో పలక కోస్తుంది. చేత్తో చేసిన ప్రింటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. ఆకాశంలో, పూర్తిగా తవ్వని చోట ఉలి వదిలిన చిన్న చిన్న సిరా గాట్లు కనిపిస్తాయి. వాటిని ఉంచాలా తీసేయాలా అన్నదీ ఒక నిర్ణయమే. చాలామంది గాలి ఎటు వీస్తోందో తెలిసేలా ఉంచేస్తారు. పలచని కాగితాన్ని చెక్క గరిటెతో రుద్ది తీసి ఉంటే వెనక వైపు ఆ రాపిడి మెరుపు కూడా చేతికీ కంటికీ తెలుస్తుంది.