సగం జాడీలో, సగం పోపులో

ఆవకాయ కలిపిన రోజే పచ్చడి అయిపోతుంది. ముక్క, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె అన్నీ ఒక్కసారే కలుస్తాయి. ఆపైన మూడోనాడు తిరగ కలపడం, ఊరేదాకా ఓపిక పట్టడం తప్ప మనం చేసేదేమీ ఉండదు. పచ్చళ్ల మాట ఎవరెత్తినా ఆవకాయ దగ్గరే ఆగిపోతారు గానీ, మన ఇళ్లలో నిల్వ పచ్చళ్లకు ఇంకో తెగ ఉంది. కార్తీకంలో ఉసిరికాయ తొక్కు, సంక్రాంతికి అటూఇటూగా చింతకాయ తొక్కు, ఆ వెనకే పండుమిరపకాయ. ఇవి జాడీలోకి సగం పచ్చడిగానే వెళ్తాయి. మిగతా సగం తినే రోజున రోట్లోనూ పోపుగరిటెలోనూ తయారవుతుంది. వంటింటి తెలివి ఈ తెగలోనే ఎక్కువ కనిపిస్తుందని నా అభిప్రాయం. అందులో ఘాటైనది పండుమిరప కాబట్టి దాని సంగతే చెప్తాను.

గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు చేలల్లో జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతల కాలం. కోసిన కాయలో ఎక్కువ భాగం కల్లంలో ఎండి మిర్చి యార్డుకు పోతుంది. పచ్చడికి కావలసింది ఆ ఎండకు ముందరి కాయ. ఎర్రగా పండి, తోలు బిగువుగా ఉండి, తొడిమ పచ్చగా ఉన్నది. ఒడిలిన కాయ కిలోకు పది రూపాయలు తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దు, దానిలో రసం ఉండదు. ఈ పచ్చడి నడిచేదే ఆ రసం మీద. ఘాటు కావాలంటే గుంటూరు సన్నాలు. రంగు బాగా ఉండి కారం తక్కువగా ఉండాలంటే 2025లో భౌగోళిక గుర్తింపు అందుకున్న వరంగల్ చపాటా. కారమంతా గింజలోనే ఉందనుకుంటాం గానీ, నిజానికి అది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. పిల్లలు తినే ఇల్లయితే కొన్ని కాయలను చీల్చి ఆ పొర గీకేస్తే చాలు.

కాయలను తొడిమతోనే కడగాలి. తొడిమ తీసి కడిగితే ఆ కంతలోంచి నీళ్లు లోపలికి దిగుతాయి, అవి ఎంత ఆరబెట్టినా పోవు. కడిగినవి పొడిబట్టతో తుడిచి, నీడన పరిచి, తడి పూర్తిగా ఆరాకే తొడిమలు తుంచాలి. కిలో కాయలకు పావుకిలో చింతపండు, పావుకిలో కల్లుప్పు, చెంచాడు పసుపు. ఇళ్లను బట్టి కాస్త అటూఇటూ ఉన్నా ఎక్కువమంది చెప్పే కొలత ఇదే. చింతపండు కొత్తదైతే మేలు. పాతది నల్లబడి పచ్చడి ఎరుపును చంపేస్తుంది. కొత్త చింతపండు కూడా దాదాపు ఇదే కాలానికి సంతలోకి రావడం మన అదృష్టం.

కాయలు, ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా తొక్కాలి. రోలు లేకపోతే మిక్సీలో ఆపి ఆపి తిప్పినా సరే, మెత్తటి ముద్ద మాత్రం కానివ్వకండి. గింజలూ ఈనెలూ తీసిన చింతపండును జాడీలో ఆ తొక్కు మధ్యన కూరి, పైన మిగిలిన తొక్కు కప్పి, వాసెన కట్టి రెండు రోజులు వదిలేయాలి. ఈ పచ్చడిలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఇదే. మామూలుగా చింతపండును నీళ్లలో నానబెడతాం. ఇక్కడ చుక్క నీరు తగలకూడదు. ఉప్పు మిరపకాయలోని రసాన్ని బయటికి లాగుతుంది, ఆ రసంలోనే చింతపండు నానుతుంది. మూడోనాటికి వేలితో నొక్కితే నలిగేంత మెత్తబడుతుంది. అప్పుడు తీసి రెండూ కలిపి ఇంకోసారి తొక్కి, జాడీలో గాలి సందు లేకుండా అదిమి పెట్టాలి.

గమనించారా, ఇంతవరకు నూనె లేదు. ఏడాది నిల్వకు కాపలా అంతా ఉప్పుదీ పులుపుదీ. సూక్ష్మజీవులకు అందాల్సిన తడిని ఉప్పు కట్టేస్తుంది, చింతపండు ఆమ్లం వాటిని ఎదగనివ్వదు. అందుకే రుచి కోసమని ఈ రెంటిలో ఏది తగ్గించినా జాడీ స్థానం ఫ్రిజ్‌లోకి మారాలి. పైన బూజు కనిపిస్తే ఆ పొర తీసేసి అడుగుది వాడుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. నేనైతే మొత్తం పారేయమనే చెప్తాను.

ఇక రెండో సగం. వారానికి సరిపడా తొక్కు పొడి గరిటెతో తీసి, వేయించి కొట్టిన మెంతిపొడి చిటికెడు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి నూరి, నువ్వులనూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెడితే ఒక పచ్చడి. అదే తొక్కు వేయించిన గోంగూరతో నూరితే మరొకటి. చింతకాయ తొక్కుతో సగంసగం కలిపితే ఇంకొకటి, కొత్తిమీరతో నూరి దోసెకు నంజుకుంటే వేరొకటి. అంగట్లో దొరికే సీసాకు ఈ వెసులుబాటు లేదు. అక్కడ పోపు ఎప్పుడో పడిపోయి ఉంటుంది, ఇంగువ వాసన మూత తీసిన మొదటివారంతో సరి. ఇంటి జాడీలో పచ్చడి పాతదైనా పోపు ప్రతిసారీ కొత్తదే. వెల్లుల్లి తినని ఇల్లు వెల్లుల్లి మానేస్తుంది, ఒకే జాడీలోంచి అత్తగారికి ఒక రుచి, కోడలికి ఒక రుచి. మిరప మన నేలకు పోర్చుగీసువారి ఓడల్లో పదహారో శతాబ్దంలో వచ్చిన కొత్త కాయ. చింతకాయకూ ఉసిరికాయకూ అప్పటికే అలవాటైన తొక్కుడు పద్ధతిలోకి అది సులువుగా ఒదిగిపోయి ఉంటుందని నా ఊహ.

ఉప్పు మాట దాటవేయలేం. పై కొలతతో పెట్టిన తొక్కులో ఆరోవంతు ఉప్పే. పది గ్రాముల ముద్దలో గ్రామున్నర దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పే హద్దు 5 గ్రాములు. రక్తపోటు ఉన్నవాళ్లకు ఇక్కడా సగం పచ్చడే దారి చూపిస్తుంది. తొక్కు ఒక పాలు, ఉప్పు వేయకుండా వేయించిన గోంగూరో కాల్చిన వంకాయో మూడు పాళ్లు కలిపి నూరితే ఉప్పు నాలుగోవంతుకు దిగుతుంది, కారం నాలుకకు తెలుస్తూనే ఉంటుంది. చివరగా ఒక జాగ్రత్త. తొక్కినప్పుడు చేతులకు పట్టే మంటకు నీళ్లు పనికిరావు, మిరప మంట నూనెలోనే కరుగుతుంది. తొక్కబోయే ముందే అరచేతులకు కాస్త నూనె రాసుకోండి.