చవగ్గా వచ్చిన చీర

మిత్రుడొకడు తను ఇంగ్లీషు చేసిన తెలుగు కథ పంపి, ఎలా ఉందో చెప్పమన్నాడు. బావుంది, ఒక్క క్రియావిశేషణం తప్ప. కథలో ఒకావిడ చీర కొనుక్కొచ్చి "చవగ్గా వచ్చింది" అని పక్కింటావిడకి చూపిస్తుంది. బేరమాడి గెలిచిన గర్వం అది. అనువాదంలో 'చీప్లీ' అని పడింది. ధరతో పాటు చీరా, ఆవిడా కూడా చౌకైపోయారు.

'ఇనెక్స్‌పెన్సివ్లీ' అంటే పరువు దక్కుతుంది గానీ అది షోరూమ్ భాష. 'అఫర్డబ్లీ' అమ్మేవాడి మాట. (నేను ఆఫీసులో రాసే 'కాస్ట్ ఎఫెక్టివ్లీ' ఊసే వద్దు.)

తమాషా ఏంటంటే, 'చీప్'కి మూలమైన పాత ఇంగ్లీషు మాటకి అర్థం బేరసారాలు, సంత. లండన్‌లో చీప్‌సైడ్ అంటే బజారు వీధే. 'చీప్లీ మేడ్' అన్నామంటే నాసిరకమనే. ఆ మరక కొనడానికీ అంటుకుంటుంది. 'లీ' తీసేసి 'ఐ గాట్ ఇట్ చీప్' అనండి, ఆవిడ గొంతు వినిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు మామూలుగా అనేదీ అదే.

వాడికి ఇదే రాశాను. ఒప్పుకున్నాడు, కానీ మార్చలేదు. 'లీ' లేకపోతే మనవాళ్ళకి గ్రామర్ రాదనుకుంటారట.