ఇవాళ ఏమైనా తీసుకున్నారా?

కంటి పరీక్షలు చేసే ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైనది ఈఓజీ (ఎలక్ట్రో-ఆక్యులోగ్రామ్) అనే పరీక్ష. న్యూజెర్సీలో మా దగ్గరికి వచ్చే తెలుగువాళ్ళలో చాలామంది దాని పేరే విని ఉండరు. కళ్ళకు రెండు పక్కలా చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి 15 నిమిషాలు చీకట్లో, మరో 15 నిమిషాలు వెలుతురులో కూర్చోబెడతాం. నిమిషానికోసారి రెండు ఎర్రదీపాల మధ్య చూపు అటూ ఇటూ తిప్పమంటాం. కంట్లో ఎప్పుడూ ఉండే కొద్దిపాటి వోల్టేజీ చీకట్లో తగ్గి, వెలుతురు రాగానే మెల్లగా పెరుగుతుంది. ఆ గరిష్ఠాన్ని చీకట్లోని కనిష్ఠంతో భాగిస్తాం. బెస్ట్ వ్యాధి అనే వంశపారంపర్య రెటీనా జబ్బు ఉన్నవాళ్ళలో ఆ అంకె పడిపోతుంది.

ఎలక్ట్రోడ్లు అంటించే ముందు, "ఇవాళ ఏమైనా తీసుకున్నారా?" అని తప్పకుండా అడుగుతాను, అంటే ఆల్కహాల్ ఏమైనా తాగారా అని. పరీక్షకి వచ్చిన పెద్దాయన నోరు విప్పేలోపే పక్కనున్నవాళ్ళు "అబ్బే, ఆయనకి అలవాటే లేదండీ" అంటారు. అందుకే ఆయన్ని ఒక్కరినే లోపలికి తీసుకెళ్ళి, "బాబాయిగారూ, తీసుకుంటే ఎన్నింటికో చెప్పండి చాలు" అంటాను. నాకు కావలసింది ఆయన అలవాటు వివరాలు కాదు, టైము.

2000లో ఆర్డెన్, వోల్ఫ్ అనే శాస్త్రవేత్తలు ఒక అమెరికన్ పత్రికలో ప్రచురించిన ఫలితాలు చదివాక ఈ పట్టుదల ఇంకా పెరిగింది. చీకట్లో కూర్చున్న మనిషికి ఆల్కహాల్ ఇస్తే, దీపం వేసినట్టే కంటి వోల్టేజీ పెరిగి, తర్వాత తగ్గింది. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయమిది. మామూలుగా వెలుగు పడ్డాక రెటీనా వెనకనున్న పిగ్మెంట్ ఎపిథీలియంలో క్లోరైడ్ దారులు తెరుచుకుని ఆ పెరుగుదల వస్తుంది. ఆల్కహాల్ వెలుగుతో పనిలేకుండానే అలాంటి మార్పు తెచ్చింది. అంటే తాగి ఎంతసేపైందన్న దాన్నిబట్టి మా అంకె అటో ఇటో జరగవచ్చు. లేని జబ్బు ఉన్నట్టూ, ఉన్నది లేనట్టూ కనిపించే ప్రమాదం ఉంది.

ఈ చిక్కు ఈఓజీకి మాత్రమే కాదు. రెటీనా వెలుగుకు చూపే తక్షణ స్పందనను కొలిచే ఈఆర్‌జీ మరో పరీక్ష. 1941లో లోరిన్ రిగ్స్ అనే శాస్త్రవేత్త కాంటాక్ట్ లెన్స్‌లో ఎలక్ట్రోడ్ అమర్చాక మనుషుల్లో దాన్ని తీయడం చాలా సులువైంది. ఆల్కహాల్ అందులో నమోదయ్యే తరంగాలనూ మారుస్తుంది.

మధ్యాహ్నం భోజనంతో ఒక బీరు తాగానని ఎవరైనా చెబితే పరీక్ష మరో రోజుకి మారుస్తాం. బయట కూర్చున్న కుటుంబానికి తేదీ మారిందని మాత్రమే చెబుతాను. కానీ ఇదంతా అడిగేవాళ్ళ ఓపిక మీద ఆధారపడకూడదు. కంట్లో చుక్కలు వేస్తాం కాబట్టి డ్రైవ్ చేయడానికి ఎవరినైనా తెచ్చుకోమని అపాయింట్‌మెంట్ కాగితంలో రాస్తున్నాం కదా, ఆ పక్కనే ఆల్కహాల్ గురించి కూడా ఒక వాక్యం రాయాలి, తెలుగులోనూ రాయాలి.