సలహాదారుని అమానతు

అనువాద వృత్తిలో ఒక్కొక్కసారి ఒక చిన్న మాట దగ్గర రోజుల తరబడి ఆగిపోవలసి వస్తుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి కార్యదళం ఒకటి 2005లో వెలువరించిన నివేదికను నా సొంత అధ్యయనం కోసం తెలుగులోకి మార్చుకొంటూ నేను ఆగిపోయిన మాట ‘కన్సల్టెంటు’. ‘సలహాదారుడు’ అని వ్రాసి ముందుకు సాగిపోవచ్చు. కాని మద్రసాలో నాలుగు అక్షరాలు నేర్చుకొన్నవానికి ఆ మాటతోపాటే ‘ముస్తషార్’ అనే అరబీ పదం జ్ఞాపకం వస్తుంది. సలహా అడగబడినవాడు అమానతుదారుడన్న భావం గల హదీసు తిర్మిజీ, అబూదావూద్ సంకలనాలలో ఉన్నది. ఆ అమానతు ఎవరిది? సలహా అడిగినవానిదేనా, ఆ సలహా ఎవరి మీద అమలు జరుగుతుందో అతనిది కూడానా? నివేదికను నేను చదివినది ఈ ప్రశ్నను ముందు పెట్టుకొనే.

కథ పూర్వాపరాలు కొంత చెప్పాలి. 2002 జనవరిలో అమెరికా ప్రభుత్వం గ్వాంటనామో నిర్బంధ శిబిరాన్ని తెరిచింది. అదే సంవత్సరం అక్కడ మనస్తత్వ శాస్త్రవేత్తలతోనూ, మానసిక వైద్యులతోనూ కూడిన సలహా బృందాలు ఏర్పడినవి. ఈ బృందాల పని చికిత్స కాదు. ఖైదీని గమనించి, అతని భయాలు ఏవి, బలహీనతలు ఏవి, ఎక్కడ నొక్కితే నోరు విప్పుతాడు అన్నది విచారణ జరిపేవారికి చెప్పడం. ఖైదీల ఆరోగ్య సమాచారం విచారణాధికారులకు చేరుతున్నదని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘం అభ్యంతరం చెప్పినట్లు 2004 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. ఆ దుమారం నడుమ అసోసియేషన్ వారు ఒక కార్యదళాన్ని నియమించారు. ఖైదీలు ముస్లిములు గనుకనే ఈ విషయం ఎత్తుకొన్నావా అని ఎవరైనా అడిగితే కొంతవరకు అవునని ఒప్పుకొంటాను. అయితే ఇది ఒక సమాజపు గోడు మాత్రమే అయితే ఇంత శ్రమపడి నివేదికలోని మాటమాటనూ పట్టి చూడనవసరం లేదు.

నివేదికలో మంచి లేదనను. చిత్రహింసలో పాల్గొనరాదు, దానికి తోడ్పడరాదు, శిక్షణ ఇవ్వరాదు, తెలిసినప్పుడు అధికారులకు తెలియజేయాలి అని స్పష్టంగా ఉన్నది. వైద్యపత్రాలలోని సంగతులను ఖైదీకి కీడు కలిగేలా వాడరాదని ఉన్నది. చికిత్స చేసేవాడే విచారణకు సలహాదారు కారాదనీ ఉన్నది. ఇవన్నీ చదివి పాఠకుడు సంతృప్తి చెందబోయేటంతలో అసలు సంగతి వస్తుంది: దేశ భద్రతకు సంబంధించిన విచారణలకు సలహాదారుగా ఉండటం వృత్తి నీతికి సమ్మతమే. సలహాదారుని సన్నిధి విచారణను సురక్షితంగా, చట్టబద్ధంగా, నైతికంగా, ఫలప్రదంగా ఉంచుతుందనేది ఆనాడు తరచుగా వినబడిన సమర్థన. అనువాదకుని దృష్టికి ఈ నాలుగు విశేషణాల వరుస విచిత్రంగా తోచింది. మొదటి మూడూ ఖైదీని కాపాడే మాటలు. నాలుగవది అతని నుండి రాబట్టే మాట. నాలుగింటినీ ఒకే తాటికి కట్టడం వల్ల చివరిదానికి కూడా మొదటి వాటి గౌరవం అబ్బింది. ఒకదానితో మరొకటి ఢీకొన్న రోజున సలహాదారుడు దేనిని వదలుకోవాలి? జవాబు కోసం నివేదికంతా వెతికాను. దొరకలేదు.

దాన్ని వ్రాసినవారి సంగతి కూడా విమర్శకుడు దాటవేయరాదు. ఓటు హక్కు గల సభ్యులు తొమ్మిది మంది. వారిలో ఆరుగురికి సైన్యంతోనో, గూఢచారి సంస్థలతోనో సంబంధం ఉన్నది. జూన్‌లో మూడు రోజులు కూర్చొని ముసాయిదా తయారుచేశారు. కొన్ని రోజులకే పాలకవర్గం అత్యవసర అధికారాన్ని ఉపయోగించి దానిని ఆమోదించింది. నివేదిక మీద సభ్యుల పేర్లు లేవు. మానవ హక్కుల ప్రమాణాలకు వృత్తి నియమావళిలో ఏ స్థానం ఉండాలన్న విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదని నివేదికే చెప్పుకొన్నది. ఆ సభ్యులలో ఒకరైన జీన్ మరియా అరిగో ఈ లోపలి సంగతులను 2007లో బహిరంగంగా చెప్పారు. మన హదీసు పండితులు ఉల్లేఖనాన్ని స్వీకరించే ముందు ఎవరి ద్వారా వచ్చిందని అడుగుతారు గదా! పేర్లు లేని ఫత్వాను మన ఊరి సామాన్యుడు కూడా స్వీకరించడు.

ఇక పదకొండవ ప్రకటన. తన క్లయింటు ఎవరో సలహాదారుడు నిర్ధారించుకోవాలనీ, క్లయింటు కానివారి పట్ల కూడా అతనికి నైతిక బాధ్యత ఉన్నదనీ దాని తాత్పర్యం. నివేదిక మొత్తంలో నాకు అత్యంత ముఖ్యంగా తోచినది ఇదే. అత్యంత బోలుగా తోచినదీ ఇదే. క్లయింటు విచారణాధికారి, అంటే ప్రభుత్వం. క్లయింటు కానివాడు గదిలో కుర్చీకి కట్టబడి ఉన్నవాడు. అతని పట్ల బాధ్యత ఉన్నదన్నారు సరే, ఆ బాధ్యత ఏ పనిని చేయమంటుంది, ఏ పనిని మానమంటుంది? అతనికి తెలియజేయాలా? అతని సమ్మతి కావాలా? అసోసియేషన్ వారి సాధారణ నియమావళిలో సంస్థల ద్వారా సేవ చేసేటప్పుడు ఆ సేవ ప్రభావం నేరుగా పడే వ్యక్తులకు ముందుగా దాని స్వభావం, ఉద్దేశం, ఎవరు క్లయింటు, గోప్యతకు హద్దులేమిటి అన్నవి తెలియజేయాలని ఉన్నది. గ్వాంటనామో ఖైదీకి ఎదుటి అద్దం వెనుక ఎవరు కూర్చున్నారో కూడా తెలియదు.

ఆ నియమావళిలోనే తోటి వృత్తివారిని సంప్రదించడం గురించి ఒక నిబంధన గలదు. రోగిని గుర్తుపట్టగలిగే రహస్యాలను అతని సమ్మతి లేకుండా చెప్పరాదు. తప్పనిసరి అయినా సంప్రదింపు ప్రయోజనానికి అవసరమైనంత మాత్రమే చెప్పాలి. ఇది చదువుతుంటే ఇమామ్ నవవీ గుర్తుకు వచ్చారు. పరోక్ష నిందకు మినహాయింపు లభించే ఆరు సందర్భాలను ఆయన ‘రియాజుస్సాలిహీన్’లో చెప్పారు. సలహా అడిగినవానికి మూడవ వ్యక్తి లోపం చెప్పడం వాటిలో చేరినదే. ఆధారం ఫాతిమా బిన్తె ఖైస్ (ర) వృత్తాంతం. తనను పెండ్లికి అడిగిన ఇద్దరిని గురించి ఆమె సలహా కోరగా దైవప్రవక్త (స) ఒకరి పేదరికాన్నీ, మరొకరి కర్ర దిగని స్వభావాన్నీ చెప్పి, మూడవ వారిని సూచించారు. ఆ మాటలు ఎంతో గమనించదగినవి. ఇద్దరి లోపమూ ఒక్కొక్క మాటలో ముగిసింది. చెప్పినది ఆమెకు రాబోయే కీడును తప్పించడానికి. ఆ ఇద్దరినీ దెబ్బతీయడానికి కాదు. కీడును తొలగించడానికి వచ్చిన మినహాయింపును కీడు చేయడానికి అరువు తెచ్చుకోవడం చెల్లదు. గ్వాంటనామో సలహాదారుడు చేసినది సరిగ్గా అదే.

సమర్థించేవారు ఒక వాదం తెచ్చారు. అక్కడ అతడు వైద్యుడు కాదు, ప్రవర్తనా శాస్త్ర నిపుణుడు మాత్రమే, కనుక వైద్యుని నీతి అతనికి వర్తించదు అని. 2006 జూన్‌లో అమెరికా రక్షణ శాఖ జారీచేసిన ఆదేశం కూడా చికిత్సకులను, సలహాదారులను వేరు పంక్తులలో కూర్చోబెట్టింది. 1982 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఆమోదించిన వైద్య నీతి సూత్రాలు ఈ సందును ముందే చూసినట్లున్నవి. ఖైదీ ఆరోగ్యానికి హాని కలిగే తీరులో విచారణకు తన విద్యను, నైపుణ్యాన్ని అందించడం ఆరోగ్య సిబ్బందికి నిషిద్ధమని అవి చెప్పినవి. చొక్కా మార్చినంత మాత్రాన తలలోని విద్య మారదు. మానసిక వైద్యుల సంఘం 2006 మేలో తన సభ్యులు విచారణలో నేరుగా పాల్గొనరాదని తీర్మానించింది. పొరుగింటివారు తలుపు మూసుకొన్న తరువాత కూడా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం సంవత్సరాల పాటు తలుపు తెరిచే ఉంచింది.

అనువాదకుల కులానికి మూలపురుషుడని చెప్పదగిన హునైన్ బిన్ ఇస్‌హాఖ్ కథ ఈ సందర్భంలో ప్రస్తావించకుండా ఉండలేను. బగ్దాదులో గాలెన్ గ్రంథాలను సిరియాక్, అరబీ భాషలలోకి తెచ్చిన ఈయన క్రైస్తవుడు. క్రీ.శ. 873లో మరణించారు. 13వ శతాబ్దపు వైద్య చరిత్రకారుడు ఇబ్నె అబీ ఉసైబియా ఈయన గురించి ఒక ఉదంతం చెప్పారు. ఖలీఫా ముతవక్కిల్ ఒక శత్రువును కడతేర్చడానికి విషం తయారుచేయమన్నాడు. హునైన్ తనకు మేలుచేసే మందులు తప్ప మరొకటి తెలియవన్నారు. ఖలీఫా ధనం చూపాడు, తరువాత ఒక సంవత్సరం చెరలో ఉంచాడు, చివరకు కత్తి చూపాడు. హునైన్ లొంగలేదు. అప్పుడు ఖలీఫా ఇది పరీక్ష అని చెప్పి కారణం అడిగాడు. నా మతమూ, నా వృత్తీ రెండూ అడ్డు వచ్చినవని హునైన్ జవాబు.

ఈ కథలో ఖలీఫా క్లయింటు. శత్రువు క్లయింటు కాదు. హునైన్ అతని ముఖం కూడా చూడలేదు. అయినా చెరకు వెళ్ళినది అతని పక్షాన. ఒక క్రైస్తవుడు ఖలీఫాకు ఎదురు నిలిచిన ఉదంతాన్ని వైద్యుల కీర్తిగా భద్రపరచినది ఒక ముస్లిము కలం అన్నది కూడా మనం మరువరాదు. అసోసియేషన్ వారి 2002 నియమావళిలో చట్టానికీ, వృత్తి నీతికీ వైరుధ్యం వచ్చి పరిష్కారం కానప్పుడు చట్టాన్ని అనుసరించవచ్చునన్న వెసులుబాటు ఉండేది. హునైన్ కాలంలో చట్టం ఖలీఫా నోటి మాటే. ఆ వెసులుబాటు ఆయనకు ఉంటే విషం తయారై ఉండేది.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకొనేవారికి నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఉర్దూ తప్ప మరొక భాష రాని ఒక పెద్దమ్మకు దుబాసీగా ఒక మనస్తత్వ నిపుణుని వద్దకు వెళ్ళాను. ఆమె గంటసేపు ఏడ్చి తన కోడలి గురించీ, ఆస్తి గురించీ చెప్పుకొన్నది. నేను మాటమాటనూ అప్పగించాను. బయటకు వచ్చేసరికి ఫీజు చెల్లించిన కుమారుడు లోపలికి వెళ్ళాడు. ఆమె చెప్పినదంతా నిపుణుడు అతనికి చెప్పాడు. కొన్ని మాటలకు సరైన అర్థం ఏమిటని నన్నూ పిలిచి అడిగాడు. నేను చెప్పాను! ఆ క్షణంలో అది తప్పని తోచనే లేదు. సాయంత్రం ఆమె నన్ను “బేటా, నా మాటలు వాడికెలా తెలిసినై?” అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. డబ్బు ఇచ్చినవాడే క్లయింటు అన్న లెక్క ప్రకారం ఆ నిపుణుడు తప్పు చేయలేదు. నేనూ చేయలేదు.

మన దేశంలో పోలీసు విచారణ గదుల వైపు కూడా ఈ శాస్త్రం నడిచింది. నార్కో పరీక్ష, పాలిగ్రాఫ్, మెదడు తరంగాల పరీక్ష వీటిని సమ్మతి లేకుండా జరపడం రాజ్యాంగ విరుద్ధమని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. యంత్రం దగ్గర కూర్చొని ప్రశ్నలు కూర్చే నిపుణుని క్లయింటు ఎవరు అన్న ప్రశ్నను మన విశ్వవిద్యాలయాలలోని మనస్తత్వ శాస్త్ర శాఖలు విద్యార్థుల ముందు పెట్టవలసి ఉన్నది.

అమెరికా సంఘం చాలా ఆలస్యంగా దారి మార్చుకొన్నది. 2008లో సభ్యుల ఓటింగు పాలకవర్గ వైఖరికి ఎదురు తిరిగింది. 2010లో చట్టం పేరిట ఇచ్చిన వెసులుబాటును మానవ హక్కుల ఉల్లంఘనకు వాడరాదని సవరించారు. 2013లో ఆ నివేదికను రద్దుచేశారు. 2015లో స్వతంత్ర న్యాయవాది డేవిడ్ హాఫ్‌మన్ విచారణ నివేదిక సంఘం ప్రముఖులు కొందరు రక్షణ శాఖ అధికారులతో కుమ్మక్కయ్యారని తేల్చింది. దానిని ఖండించినవారు కోర్టుకు కూడా వెళ్ళారు. అదే సంవత్సరం ఆగస్టులో టొరంటో సమావేశంలో దేశ భద్రతా విచారణలలో పాల్గొనరాదన్న తీర్మానానికి 157 ఓట్లు పడగా వ్యతిరేకంగా ఒక్కటే పడింది. పది సంవత్సరాల క్రితం అత్యవసరమని ఆమోదించినదానికి ఇది ప్రాయశ్చిత్తం అనవచ్చునో లేదో, ఆ గదులలో కూర్చున్నవారు చెప్పాలి.

నా అనువాదం పూర్తి అయింది. ‘కన్సల్టెంటు’కు సలహాదారుడు అనే వ్రాశాను. పదకొండవ ప్రకటనలోని ‘క్లయింటు’కు మాత్రం తెలుగు మాట కుదరలేదు. ‘కక్షిదారు’ అంటే న్యాయస్థానం వాసన, ‘ఖాతాదారు’ అంటే బ్యాంకు వాసన. ‘సలహా కోరినవాడు’ అని పెట్టి చూశాను. అప్పుడు ‘క్లయింటు కానివారు’ అన్నది ‘సలహా కోరనివారు’గా మారింది. ఆ పెద్దమ్మ సలహా కోరే వచ్చింది గదా అని దానినీ కొట్టివేసి, ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో ఉంచాను.