మంచాలు లేని వాకిళ్లు

మా కాలనీలో ఇంటింటికీ చందా వేసుకుని సీసీ కెమెరాలు పెట్టించుకున్నాం. నేనూ ఇచ్చాను, ఇచ్చినందుకు విచారం లేదు. తాళం పగలగొట్టిన మర్నాడు దొంగ మొహం దొరకడం చిన్న సంగతి కాదు. కానీ మా వీధి బీటు చూసే కానిస్టేబుల్ ఎవరని ఇరుగుపొరుగును అడిగితే ఒక్కరికీ తెలియలేదు. కెమెరా ఏ స్తంభానికి ఉందో మాత్రం పిల్లలు కూడా చెబుతారు. ఇది నన్ను చాలా రోజులుగా కలవరపెడుతోంది.

పోలీసు పనుల్లో నాకు అన్నిటికన్నా గౌరవం బీటు మీద. దర్యాప్తులు సినిమాలకెక్కుతాయి, బీటు ఎక్కదు. రాత్రి గస్తీకి వచ్చి పాయింట్ బుక్కులో సంతకం పెట్టి పోవడమే బీటు అనుకుంటాం. అసలు పని అది కాదు. మామూలు రోజున ఆ వీధి ఎలా ఉంటుందో తెలుసుకోవడం. ఏ కొట్టు ఎన్నింటికి కట్టేస్తారు, ఎవరి గుమ్మం ముందు ఏ బండి ఆగి ఉంటుంది, సాయంత్రాలు ఏ అరుగు మీద ఎవరు చేరతారు. ఇవన్నీ ఎరిగినవాడికే తేడా కంటపడుతుంది.

2018 వేసవి మొదట్లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో అలాంటి తేడాయే ఒకటి కంటపడింది. అప్పుడు ఆ రెండు జిల్లాలకూ ఎస్పీ రెమా రాజేశ్వరి. ఊళ్లను పోలీసులకు పంచి, ఎవరికి అప్పగించిన ఊరికి వారు తరచూ వెళ్లి జనంతో కూర్చుని మాట్లాడి రావాలని ఆమె ఏర్పాటు చేశారు. ఎండలు ముదిరితే పాలమూరు పల్లెల్లో ఆరుబయట మంచాలు వాల్చుకుంటారు. ఆ ఏడు పొద్దుగూకగానే జనం లోపలికి పోయి గడియలు పెట్టుకుంటున్నారని ఊరి పోలీసు గమనించి పై అధికారులకు చెప్పాడు. ఆరా తీస్తే సంగతి బయటపడింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, మనుషుల్ని చంపి అవయవాలు కోసుకుపోతున్నారని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతున్నాయి.

నన్ను ఇక్కడే కాసేపు ఆగనివ్వండి. అప్పటికి ఆ ఊళ్లో నేరమేమీ జరగలేదు. వాకిట్లో మంచం లేదని ఎఫ్ఐఆర్ రాయలేం. కెమెరా ఉన్నా అది చూపించేది ఖాళీ వాకిలినే. ఆ వాకిలి నిరుడు ఈ వేళకు ఎలా ఉండేదో తెలిసిన మనిషి కావాలి. ‘ఇంత ఉక్కలో లోపలెందుకు పండుకుంటున్నవ్ అవ్వా’ అని అడిగే చనువు అతనికి ఉండాలి. అడిగితే జడవకుండా జవాబు చెప్పే నమ్మకం ఆ అవ్వకూ ఉండాలి. ఈ మూడింట్లో ఒక్కటీ టెండరు పిలిచి కొనగలిగేది కాదు.

ఆ తర్వాత పోలీసులు ఊరూరా తిరిగి డప్పు కొట్టి, పాటలు కట్టి ఆ వీడియోలు అబద్ధమని చెప్పారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరి, వచ్చిన పుకారును వచ్చినట్టే కొట్టిపారేశారు. అదే పుకారు ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం తీసింది. దేశంలో ఇంకా ఎన్నోచోట్ల దారిన పోయే అమాయకులను కొట్టి చంపారు. రెమా రాజేశ్వరి పరిధిలోని సుమారు 400 పల్లెల్లో మాత్రం ఆ పుకారుకు ఒక్కరూ బలికాలేదు.

పోలీసుకూ జనానికీ మధ్య సంబంధం అంటే ఇదీ అని నేననుకుంటాను. తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి, నిద్రలేపి, బండి కాగితాలు అడిగే కార్డన్ సెర్చ్‌కు కమ్యూనిటీ కాంటాక్ట్ అని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు. అలా లేపిన ఇంటివాళ్లు మర్నాడు గంజాయి అమ్మే కుర్రాడి గురించి నోరు విప్పుతారా? పైగా ఈ తనిఖీలు పేదల బస్తీల్లోనే ఎక్కువ. గేటెడ్ కమ్యూనిటీ గేటు ముందు అవి జరగగా నేను చూడలేదు. జనం పాత్ర అంటే ఉప్పందించడం ఒక్కటే కాదు. పోలీసును నిలబెట్టి ప్రశ్నించగలగడం కూడా.

మన కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వెళ్లిన నేత కుటుంబాలు తరాలుగా సాంచెలు నడుపుతున్న భివండీ కూడా ఈ పాఠం నేర్చిన ఊరే. 1970లో, 1984లో మత కలహాలతో తగలబడింది. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే వాడవాడనా మొహల్లా కమిటీలు పెట్టారు. పెద్దమనుషులను కాకుండా మామూలు హిందువులను, ముస్లింలను అందులో పక్కపక్కన కూర్చోబెట్టారు. 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో ముంబైలో 900 మంది చనిపోయారు. పక్కనే ఉన్న భివండీ ప్రశాంతంగా ఉంది. అదే భివండీలో 2006 జులైలో కొత్త పోలీస్ స్టేషన్ కట్టే స్థలం మీద గొడవ రేగి, పోలీసు కాల్పుల్లో ఇద్దరు పౌరులు, గుంపు చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్లు చనిపోయారు. అప్పటికి ఆ కమిటీల్లో పాత ఊపు లేదు. ఒక అధికారి నాటిన పద్ధతిని తర్వాతివాళ్లు నీరు పోసి కాపాడుకోకపోతే పదేళ్లలో ఎండిపోతుంది.

అందుకే నా పట్టు బదిలీల మీద. ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల్లో జిల్లా ఎస్పీకీ, స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కీ కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలంది. బీటు కానిస్టేబుల్ ఊసు అందులో లేదు. వీధి మొహాలను అతను గుర్తుపట్టే వేళకు వేరే సెక్టారుకు మారుస్తారు. లేదంటే వీఐపీ బందోబస్తుకో నిమజ్జనానికో లాగేస్తారు. ఆ రెండేళ్లు అతనికీ రాసివ్వాలి. అతను బందోబస్తుకు వెళ్లిన రోజుల్లో బీటు ఎవరు చూస్తారో కాలనీ వాళ్లకు ముందే తెలియాలి. మా కాలనీ సంఘం ఈసారి కమిషనర్‌కు ఇచ్చే వినతిపత్రంలో మరో నాలుగు కెమెరాలు అడగబోతోంది. వాటికన్నా ముందు ఈ రెండు కోరికలు రాయమని నేను అడుగుతున్నాను.