బాలికల యాటలు: పేళ్లు చెప్పెడు సాక్ష్యము

మన బాలికల పూర్వపుటాటలన్నియుఁ జెట్టుచేమలయెడఁ బూజ్యభావమును నేర్పుటకే పుట్టినవని యొక యభిప్రాయ మీనడుమ వ్యాప్తి నొందుచున్నది. గొబ్బెమ్మలు, అట్లతద్ది యుయ్యెలలు, బతుకమ్మ యను మూఁటిని జూపి, తక్కిన యాటలనుగూడ వానితోఁ గలిపి కట్టుట యీ వాదమునకు బలము. వినుటకు నింపైన మతమే. అయినను బరీక్షకు నిలుచునా యని చూడవలసియున్నది. ఆటలకు శాసనములు లేవు. వానికిఁ గల ప్రాచీనసాక్ష్యము ముఖ్యముగాఁ బేళ్లే. కావునఁ బేళ్లనుండియే మొదలిడుట న్యాయము.

పాణిని క్రీడానామములను బలుచోట్లఁ బట్టించుకొన్నాఁడు. తృతీయాధ్యాయ తృతీయపాదమున 109వ సూత్రముచేత నిట్టి సంజ్ఞలకు ణ్వుల్ప్రత్యయము వచ్చును. ద్వితీయాధ్యాయ ద్వితీయపాదమున 17వ సూత్రముచేత వానికి నిత్యసమాసము. షష్ఠాధ్యాయ ద్వితీయపాదమున 74వ సూత్రముచేతఁ బ్రాగ్దేశీయుల క్రీడయైనచోఁ బూర్వపదమున కాద్యుదాత్తస్వరము. కాశికాకారు లిచ్చిన యుదాహరణములు ఉద్దాలకపుష్పభంజిక, వీరణపుష్పప్రచాయిక, శాలభంజిక, తాలభంజిక మొదలగునవి. స్వరసూత్రమునకుఁ బ్రత్యుదాహరణముగాఁ జూపిన జీవపుత్రప్రచాయిక యుదీచ్యుల క్రీడ. ఈ పేళ్లలో రెండు ధాతువులు ప్రధానములు: ఒకటి భంజ్, అనఁగా విఱుచుట; రెండవది ప్రపూర్వకమైన చి, అనఁగాఁ గోసి ప్రోగుచేయుట. పూజార్థకమైన ధాతు వొక్కటియు లేదు. పూచిన కొమ్మను విఱుచుటయే యాట, విఱిచినదే పేరు. నిత్యసమాససూత్రమునఁ బాణిని క్రీడతోపాటు జీవికనుగూడఁ జేర్చినాఁడు. ఆటను, బ్రతుకుఁదెరువును నొక్క సూత్రమునఁ గట్టిన యాచార్యునకు లోకజ్ఞత కొఱఁతపడలేదు.

ఇచ్చట నొక పొరపాటునకుఁ దావు గలదు. ఈ శబ్దములన్నియు స్త్రీలింగములు గావున నివి యెల్లను స్త్రీల యాటలే యని కొందఱు తలంతురు. 109వ సూత్రము స్త్ర్యధికారమునఁ జదువఁబడినది. అందుచేతనే యా రూపములు స్త్రీలింగములైనవి. లింగము శబ్దధర్మము గాని యాడినవారి ధర్మము గాదు. సహకారభంజికాదులను వాత్స్యాయనుఁడు నాగరకుల సమస్యాక్రీడలలోఁ జేర్చినాఁడు. అవదానశతకమున శ్రావస్తీనగరపు శాలభంజికోత్సవము జనసమూహమంతయుఁ గూడిన యుత్సవము. కొమ్మ వంచి నిలిచిన స్త్రీ విగ్రహములకు శాలభంజిక లను పేరు రూఢమగుటచేత నాట సైతము స్త్రీలకే చెల్లినట్లు తోఁచుచున్నది. బాలికలకుఁ బ్రత్యేకముగా వాత్స్యాయనుఁడు చెప్పినవి కన్యాసంప్రయుక్తకాధికరణమున నున్నవి: పూలు గోయుట, దండ గ్రుచ్చుట, చిన్నయిల్లు కట్టుట, బొమ్మలాట, అన్నపానములు సిద్ధపఱచుట. సందర్భము మెచ్చఁదగినది గాకపోయినను బట్టిక విలువైనది. ఇందుఁ గోఁత యొక్కటి, తక్కినవి నిర్మాణములు.

కావ్యములయందు నిదే తీరు. కుమారసంభవ ప్రథమసర్గమునఁ బార్వతి మందాకిని యిసుకలో వేదికలు గట్టి, బంతులతోడను బొమ్మలతోడను నాడినది. మేఘసందేశమున నలకాపురకన్యలు బంగారుటిసుకలో మణులను దాఁచి వెదకికొందురు. పోతన దశమస్కంధమున రుక్మిణీబాల్యమును వర్ణించుచు, బొమ్మపెండ్లిండ్లు, గుజ్జెనగూళ్లు, ఉయ్యెల, బంతులు అను వానితోపాటు పూఁదీఁగెలను బెంచుటను, చిలుకలకుఁ జదువు చెప్పుటను గూడ నాటలలోనే లెక్కించినాఁడు. తీఁగెను బెంచుట పనియా, యాటయా యను సందియ మాతనికిఁ గలుగలేదు, పసివారికిని గలుగదు. అయిన నింతమాత్రముచేఁ బూర్వకాలపు బాలికలెల్లరుఁ జిగురు గిల్లనివారని చెప్పరాదు. శాకుంతల చతుర్థాంకమున, నలంకారప్రియ యయ్యుఁ జిగురు గోయదని శకుంతలను గాశ్యపుఁడు విశేషించి చెప్పినాఁడు. అందఱును గోయనివారే యైనచో నది విశేష మెట్లగును?

తెలుఁగుబాలిక చేతిలోని వస్తువు లీ గ్రంథములకంటె నెక్కువ తేటగా మాటాడును. శారదానదీ ప్రాంతమునఁ గల అనకాపల్లినే తీసికొన్నచోఁ, జింతగింజను పిక్క యనుట యుత్తరాంధ్రపు వాడుక. అందుచేత నాట చింతపిక్కలాట యైనది. మన్యపుఁ జింతపండు శిశిరాంతమునుండి క్రిందికి దిగును. ఇంటి యాఁడువారు పండొలిచి యుప్పు వేసి జాడీల కెత్తుదురు, పిక్కలు మిగులును. మిగిలినవి పిల్లల పాలు. కొన్నిటిని ఱాతిపై నరగఁదీసి యొకవైపు తెల్లఁజేసిన నవి పాచికలగును. తక్కినవి వామనగుంటలలోనికిఁ బోవును. గచ్చకాయ కంచెపొదపై నెండి రాలినది. గవ్వ సముద్రము విడిచినది, గులకఱాయి యేటిది. గుజ్జెనగూళ్లకు వలసినది చాటలోని నూకలు. అది బెల్లపుటూరు గావున నొక బెల్లపుముక్క కూడఁ జేరవచ్చును. వీనిలో నొక్కటియు నాటకొఱకై చెట్టునుండి కోసినది గాదు.

ఇది యహింసావ్రతమని మురియువారు గలరు. వ్రతమని చెప్పుటకు సాక్ష్యము లేదు. పనికివచ్చుదానిని బిల్లల చేతికియ్యక, పని తీఱినదానిని మాత్ర మిచ్చు గృహస్థుల పొదుపిది. దీనికి గ్రీకుదేశమే నిదర్శనము. క్రీస్తుశకము రెండవ శతాబ్దమునఁ గోశము రచించిన పొల్లక్సు, అయిదు గులకఱాళ్లెగురవైచి చేతి వెలుపలివైపునఁ బట్టు నాట స్త్రీల దని వ్రాసినాఁడు. అది మన యచ్చనగండ్లకు సాక్షాత్తు తోఁబుట్టువు. ఆ దేశమున గొఱ్ఱెమేఁకల చీలమండ యెముకలతోడను నిట్టి యాటయే యుండెడిది. హెర్క్యులేనియమున దొరకిన చలువఱాతి చిత్రమున స్త్రీలాడుచున్న దా యెముకలతోనే. జపానుబాలికల యొటెదమ యను నాటకు నజుకి గింజలు నింపిన చిన్నసంచులు సాధనము. పిక్క గైకొన్నవారు దయగలవారు, ఎముక గైకొన్నవారు దయ లేనివారు అని చెప్పవచ్చునా? ఎవరి వంటయింట నేది మిగిలినదో వారి బిడ్డ కదియే యాటవస్తువు.

ఇంగ్లాండునందు శ్రీమతి ఆలిస్ బెర్తా గోమ్ 1894, 1898 సంవత్సరములలో రెండు సంపుటములుగా నచటి యాటలను బ్రకటించినది. 'నట్స్ ఇన్ మే' యను నాటవిషయమున, మేనెలలో నా దేశమునఁ గాయలు దొరకవు గావున 'నట్స్' అను మాట పూగుత్తుల నను 'నాట్స్' అను మాటకు వికారమై యుండవచ్చునని యామె సూచించినది. ఋతువును జూచి పాఠమును శంకించుట చక్కని పద్ధతి. ఆ యాటలోనే బలాత్కారవివాహపుటవశేషమును గూడ నామె చూచినది. ఇది మాత్రము పైయెత్తున నెగిరిన యూహ. మనవారు రెండవదానినే యెక్కువగా ననుకరించుచున్నారు.

గొబ్బెమ్మ, బతుకమ్మ లీ లెక్కలోఁ జేరవు. ఇందుఁ గోఁత స్పష్టముగా నున్నది. గొబ్బెమ్మ తలపైఁ బెట్టునది గుమ్మడిపువ్వు. గుమ్మడితీఁగెకుఁ బిందెతోడి పూలును, బిందె లేని పూలును వేర్వేఱుగాఁ బూయును. మొదటిదానిని గోసినఁ గాయ పోవును, రెండవది యెట్లును రాలునదియే. ఈ భేద మెఱుఁగక గొబ్బెమ్మకుఁ బువ్వు గోసిన బాలిక యింటికి నష్టము తెచ్చును. ఎఱిఁగి కోసినది తోఁటపని నేర్చినది. ఎండిన గొబ్బెమ్మలు పిడకలై పొయ్యికిఁ జేరును. బతుకమ్మకుఁ దెచ్చు గునుగు చేనిలోఁ గలుపుగా మొలచునది, తంగేడు బీళ్లలోనిది. కోసిన పూవంతయు నీటఁ గలియును. కావున నిచటఁ బూజ లేదని చెప్పుట యెంత తప్పో, పూజయే కలదు లెక్క లేదని చెప్పుటయు నంతే తప్పు.

ఇప్పుడంగళ్లలో దొరకు గవ్వలును బిక్కలును బెక్కులు ప్లాస్టిక్కుతోఁ బోసినవి. ఆట మాఱలేదు గాని చింతపం డొలిచెడు ఋతువుతో దానికిఁ గల పొత్తు తెగినది. జానపదవాఙ్మయ సంగ్రాహకులు పాటల పాఠములపైఁ జూపిన శ్రద్ధలో నాలవపాలైనఁ జేతిలోని వస్తువుపైఁ జూపరైరి. పాట యచ్చుపడినది, పిక్క యచ్చుపడలేదు. ప్రతి యాటకును సాధనమేది, యే నెలలోనిది, కోసినదా రాలినదా యని వ్రాసికొనక పేరుమాత్రము నిఘంటువున కెక్కించుట యర్ధకార్యము. వామనగుంటలపీటయందు రెండు వరుసలుగాఁ బదునాలుగు గుంటలుండును. ఆడుపిల్ల పిక్కలను గుంట గుంటకు నొక్కటి చొప్పున విడుచుచుఁ బోవును. నాలుగు చేరినఁ దెలుఁగున నది పుంజీ, అరవమునఁ బశువు. విత్తుటను బోలిన యీ పనిలో నరవబాలికకుఁ బశువు దొరకుట యేల, తెలుఁగుబాలికకు లెక్కపేరు మాత్రమే దక్కుట యేల యని విచారించిన వ్యాసము తెలుఁగున నింకను రావలసియున్నది.