వాయించింది ఎవరు?

డాన్స్ ట్రాక్ కట్టడానికి కూర్చున్నప్పుడు నేను ముందుగా వెతికేది కిక్ డ్రమ్ దెబ్బ. నిమిషానికి 128 బీట్ల హౌస్ ట్రాకులో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉండేది 469 మిల్లీసెకన్లే. ఆ కాస్త జాగాలోనే కిక్ మొదటి ‘టక్’ తెలియాలి, వెనకాల గుమ్మని మోగే తోక తగ్గాలి, బాస్ లోపలికి రావాలి. తోక కొంచెం పొడుగైందా, కింది స్వరాలన్నీ కలగాపులగం అవుతాయి. శ్రుతి కూడా చూసుకోవాలి. ట్రాక్ ఎఫ్ మైనర్‌లో ఉంటే కిక్ మూలనాదం 44 హెర్ట్జ్ దగ్గర పడితే హాయిగా ఉంటుంది. లేకపోతే ఎక్కడ తేడా కొడుతోందో తెలియకుండానే చెవికి విసుగొస్తుంది. ఎవరో ముందే మైకు పెట్టి, రికార్డు చేసి, అంచులు కోసి, శ్రుతి రాసి ఉంచిన దెబ్బలు దొరుకుతున్నాయి కనకే శాంపిల్ లైబ్రరీలంటే నాకు గౌరవం.

రెడీమేడ్ సరుకని వీటిని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 2007లో రిహానా ‘అంబ్రెల్లా’కి డ్రమ్ములు ఆపిల్ గ్యారేజ్‌బ్యాండ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే లూపు. 2024లో సబ్రీనా కార్పెంటర్ ‘ఎస్ప్రెస్సో’లో స్ప్లైస్ అనే శాంపిల్ సైటు లూపులున్నాయి. అవి అందరికీ అందుబాటులో ఉన్నవే, విని పట్టుకున్నది మాత్రం ఒకరు. ఎంచుకోవడమూ పనే. నా బాధ వేరు. ఫోల్డరు తెరిస్తే ఫైలు పేరులో టెంపో ఉంటుంది, శ్రుతి ఉంటుంది. వాయించిన మనిషి పేరు చాలా ప్యాకుల్లో ఎక్కడా కనపడదు.

దీనివల్ల ఏమవుతుందో తెలియాలంటే గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ కథ చాలు. 1969లో ‘ది విన్‌స్టన్స్’ అనే అమెరికన్ బృందం ‘కలర్ హిమ్ ఫాదర్’ అనే పాట విడుదల చేసింది. దానికి గ్రామీ వచ్చింది. అదే రికార్డుకి రెండో వైపు ‘ఆమెన్, బ్రదర్’ అనే వాద్య సంగీతం. అందులో ఒకచోట మిగతావాళ్లంతా ఆగిపోతారు, కోల్‌మన్ ఒక్కడే నాలుగు బార్లు డ్రమ్స్ వాయిస్తాడు. దాదాపు ఏడు సెకన్లు. మూడో బార్ నుంచి స్నేర్ దెబ్బని అనుకున్నచోట కొట్టకుండా కాస్త వెనక్కి జరుపుతాడు. వినేవాడి పాదం తడబడి మళ్లీ అందుకుంటుంది. 1986లో న్యూయార్క్‌లో ‘అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్’ అని డీజేల కోసం వేసిన సంకలనాల్లో ఆ పాట చేరింది. శాంపిల్ లైబ్రరీకి తాత లాంటి వరస అది. 1990ల మొదట్లో లండన్ కుర్రాళ్లు ఆ ఏడు సెకన్లని శాంప్లర్‌లో వేగం పెంచి, ముక్కలు కోసి, తిరగేసి పేర్చారు. జంగిల్, డ్రమ్ అండ్ బాస్ అనే సంగీత శైలులు దానిమీదే నిలబడ్డాయి. ఆ తర్వాత వేల పాటల్లోకి వెళ్లింది. కోల్‌మన్‌కి పైసా రాలేదు. 2006లో అట్లాంటాలో ఇల్లూ వాకిలీ లేకుండానే చనిపోయాడు. 2015లో బ్రిటన్‌లో చందాలు వసూలు చేసి 24 వేల పౌండ్లు బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి ఇచ్చారు. ఆ డబ్బు కోల్‌మన్ చూడలేదు.

ఇప్పటి రాయల్టీ రహిత ప్యాకుల్లో సాధారణంగా ఇలాంటి దొంగతనం ఉండదు, లైసెన్సు స్పష్టంగా ఉంటుంది. కానీ లైసెన్సు డబ్బు సంగతే చూస్తుంది, వాయించింది ఎవరో చెప్పదు.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి. బోనాలకీ వినాయక నిమజ్జనానికీ డీజే బాక్సులు పగిలేలా మోగే రీమిక్సుల్లో తీన్మార్ లూపులుంటాయి. ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే కుర్రాళ్లు ఆ ప్యాకులు ఒకరికొకరు పంపుకుంటారు. అందులో డప్పు వాయించింది ఎవరని అడిగితే చెప్పగలిగినవాడు నాకు తగల్లేదు. డప్పు తరతరాలుగా ఎక్కువగా మాదిగల చేతిలో బతికిన వాద్యం. పెళ్లికీ చావుకీ జాతరకీ వాళ్లని పిలిచిన ఊరు వాళ్లని కళాకారులుగా లెక్కపెట్టలేదు. కంప్యూటర్ ఫోల్డర్లోనూ అదే అన్యాయం సాగడం నాకు మింగుడు పడదు.

డప్పు రికార్డు చేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మంట దగ్గర కాచిన డప్పు ఖంగున పలుకుతుంది, చల్లారేకొద్దీ శ్రుతి దిగిపోతుంది. కుడిచేతి సిర్ర లావు దెబ్బ, ఎడమచేతి చిటికెన పుల్ల పదునైన దెబ్బ, రెండూ వేర్వేరుగా తీసుకోవాలి. వేడిమీద ఒకసారి, చల్లబడ్డాక ఒకసారి. తీన్మార్ దరువుని కంప్యూటర్ గ్రిడ్‌కి బిగించి సర్దితే ఊపు చచ్చిపోతుంది. ఆ కొద్దిపాటి ముందూవెనకలు ఆ చేతివే, పక్కవాడికి రావు. అందుకే లూపు అమ్మడమంటే ఒక మనిషి చేతివాటాన్ని అమ్మడమే అంటాను.

ఈమధ్య ఒక డప్పు బృందంతో కాగితం రాసుకున్నాం. ట్రాక్ అమ్ముడైతే వాటా, క్రెడిట్‌లో పేర్లు. రికార్డు చేసిన ప్రతి ఫైలూ వాళ్ల దగ్గర కూడా ఉండాలన్నది బృందంలోని పెద్దాయన పెట్టిన షరతు. మనవడు ఫోన్లో పాటలు కడుతున్నాడట, వాడికి కావాలన్నాడు. ఫైళ్లకు పేర్లు పెట్టే పని ఆ కుర్రాడే తీసుకున్నాడు. ముందు వాయించినవాడి పేరు, తర్వాత ఊరు, దరువు, ఏ పుల్ల, వేడిదా చల్లదా. టెంపో అన్నిటికన్నా చివర.